అటక మీద 312 చెంబులు: మా వీధి వర్తక సంఘానికి బహిరంగ లేఖ

రాజమహేంద్రవరం,
మార్చి 24, 2026.

మా వీధి వర్తక సంఘం అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి గార్లకు, తోటి కొట్టువాళ్లందరికీ నమస్కారం.

ఉగాది మర్నాడు అటక దింపాను. మార్చి నెలాఖరులో మా సామాన్ల కొట్లో సరుకంతా లెక్క రాయడం మా నాన్నగారి నాటి అలవాటు. ఆయన పోయాక నేను దాన్ని వదిలేశాను. ఆడిటరు గారు అడిగితే "ఓ ఇరవై లక్షల సరుకుంటుందండి" అని నోటిమాటగా చెప్పేసేవాణ్ణి. ఈసారి మాత్రం కుర్రాణ్ణి నిచ్చెన ఎక్కించి ఒక్కొక్కటీ కిందికి దింపించాను. అన్నిటికంటే చివర, మూల నుంచి రెండు గోనె సంచులు వచ్చాయి. మూతి విప్పితే రాగి చెంబులు. నల్లబడిపోయి, అంచుల్లో పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. కుర్రాడు ఒకదాన్ని చొక్కాకి తుడిచి చూసి, "ఇవి కూడా మనయ్యేనాండీ?" అన్నాడు. వాడు మా దగ్గర చేరి ఆరేళ్లే, వాడికి తెలియదు. అవి 2015 పుష్కరాల చెంబులు. కూర్చుని లెక్కపెడితే 312 తేలాయి.

ఈ కథ మీకు కొత్త కాదు. మీలో కొందరి అటకల మీద కూడా అవే ఉన్నాయని నాకు తెలుసు. ఆ ఏడాది జూలై 14 నుంచి 25 దాకా పన్నెండు రోజులు. వచ్చిన ప్రతి కుటుంబం గోదావరి నీళ్లు ఇంటికి పట్టుకెళ్తుంది, దానికో చెంబు కావాలి కదా అని నాకో గొప్ప ఆలోచన వచ్చింది. 2,400 చెంబులు, ఒక్కోటి 110 రూపాయలు, మొత్తం రెండు లక్షల 64 వేలు. రూపాయిన్నర వడ్డీకి తెచ్చి కొన్నాను. సరుకు దిగిన రోజు బయటికొచ్చి చూస్తే ఎదురు కొట్టు ముందు అవే అట్టపెట్టెలు. పక్క కొట్లో అవే. మలుపులో ఫ్యాన్సీ షాపాయన కూడా అవే దింపుతున్నాడు. ఘాట్ దగ్గరేమో పది రూపాయల ప్లాస్టిక్ డబ్బాలు కుప్పలు పోసి అమ్మారు. పైగా మన రోడ్డుకి బారికేడ్లు పడ్డాయి. జనం ఘాట్‌కి వెళ్లే దారిలోనూ మనం లేం, స్టేషనుకి తిరిగి వెళ్లే దారిలోనూ లేం. మొదటి రోజు పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాట గుర్తున్నవాణ్ణి కాబట్టి ఆ కట్టుదిట్టం తప్పని నేను అనను. ఏ దారి మూస్తారో మనం ముందుగా వెళ్లి అడగలేదు, అదీ నా బాధ.

మిగిలినవాటిని గృహప్రవేశాలకీ, రిటర్న్ గిఫ్టులకీ చింతపండు పెట్టి తోమించి అమ్ముకుంటూ వచ్చాను. అలా వచ్చీ వచ్చీ ఇంకా 312 ఉన్నాయి. ఈ మాట చెప్తే ఆడిటరు గారు "రాగి ధర ఎక్కడికి పోయిందో చూశారా, మీకు లాభమేనండీ" అని నవ్వారు. అక్కడే ఓ కాగితం తీసుకుని 34,320 రూపాయలకి రూపాయిన్నర చొప్పున పదేళ్ల ఎనిమిది నెలల వడ్డీ కట్టి చూపించాను. వడ్డీయే అసలుకి దాదాపు రెండింతలు తేలింది. ఆయన నవ్వు ఆగింది.

ఇప్పుడు మళ్లీ పుష్కరాలొస్తున్నాయి. 2027 జూన్ 26 నుంచి జూలై 7 దాకా. ఇంకా పదిహేను నెలలుంది కదా అనుకుంటున్నాం. ఆ అమ్మకాలు 2027-28 లెక్కలో పడతాయి, నిజమే. కానీ సరుకుకి అడ్వాన్సు, గోడౌను అద్దె, తెచ్చే అప్పు, ఇవన్నీ పడేది ఇంకో వారంలో మొదలయ్యే ఏడాదిలోనే. 2027 మేలో మేలుకుంటే మళ్లీ 2015లో చేసిందే చేస్తాం. అందుకే ఈ ఉత్తరం.

కార్యవర్గం పెద్దలు కోప్పడకుండా వినాలి. మన సర్వసభ్య సమావేశం ఏటా ఆగస్టులో పెడతారు. ఫ్లెక్సీ, శాలువాలు, జ్ఞాపికలు, ముఖ్య అతిథి గారి కోసం గంటన్నర ఎదురుచూపులు. కోశాధికారి గారు జమాఖర్చులు పది నిమిషాల్లో చదివేస్తారు. వెనక వరసలోంచి "ఆమోదం, ఆమోదం" అని కేకలు. ఆ కేకల్లో నా గొంతూ ఉంటుంది, ఎందుకంటే అప్పటికి పక్క హాల్లోంచి వాసన వచ్చేస్తూ ఉంటుంది. ఆగస్టంటే లెక్కల ఏడాదిలో అయిదో నెల. అప్పుడు సమావేశమై చేసేదేముంది? గడిచిన ఏడాది గురించి వినడానికి ఆలస్యం, నడుస్తున్న ఏడాది గురించి మాట్లాడుకోవడానికీ ఆలస్యమే. ఆ సమావేశాన్ని మార్చికి జరపండి. శాలువాలు కావాలంటే ఆగస్టులోనే ఉంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

మార్చిలో కూర్చుని ఏం చేస్తాం అంటారా? మొన్న ఉగాది నాడు గుళ్లో పంచాంగ శ్రవణానికి మనమంతా కూర్చున్నాం. పరాభవ నామ సంవత్సరంలో మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని చెవులు రిక్కించి విన్నాం. ఆదాయం 2, వ్యయం 14 అని చదివితే చాలు, ఆ రోజంతా మొహం వేలాడేసుకునేవాళ్లున్నారు మనలో. మన కొట్లకి నిజంగా పనికొచ్చే పేజీలు మాత్రం అదే పంచాంగంలో వెనక ఎక్కడో ఉంటాయి, వాటిని ఎవరం తిప్పం.

నా సంగతే చెప్తాను. మాఘమాసం పెళ్లిళ్లు కదా అని పోయిన డిసెంబరులో చెన్నై నుంచి ఆరు లక్షల స్టీలు సామాను దింపాను. సారె బిందెలు, గంగాళాలు, డిన్నర్ సెట్లు. నవంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా శుక్ర మౌఢ్యం. మాఘం మొత్తం అందులోనే కొట్టుకుపోయింది. ముహూర్తాల్లేవు, పెళ్లిళ్లు లేవు, సారెలూ లేవు. ఆ సంగతి రాసి ఉన్న పంచాంగం మా గల్లాపెట్టె వెనక గోడకే వేలాడుతోంది. రోజూ దానికి అగరొత్తి చూపిస్తాను. చదవలేదంతే.

ఈ ఏడాది సంగతి చూడండి. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. అంటే ఏటా మన కడుపు నింపే మే నెలలో సగం పోయినట్టే. నిజ జ్యేష్ఠం నెల రోజులు, ఆ వెంటనే ఆషాఢం. పోయిన ఏడాది జూలై 25న వచ్చిన శ్రావణం ఈసారి ఆగస్టు 13న వస్తుంది. దసరా అక్టోబరు 2 నుంచి 20కి జరిగింది, దీపావళి అక్టోబరు 20 నుంచి నవంబరు 8కి. పోయిన ఆగస్టు మొదటి పక్షంలో ఇంత అమ్మాం కాబట్టి ఈ ఆగస్టు మొదట్లోనూ అంతే వస్తుందని హోల్‌సేలు వాడికి పదో తారీకు చెక్కు రాసిచ్చారనుకోండి, ఆ చెక్కు బౌన్సే. మన అమ్మకాలు తెలుగు మాసాల ప్రకారం నడుస్తాయి. అద్దె, జీతాలు, జీఎస్టీ రిటర్ను, బ్యాంకు కిస్తీ ఇంగ్లీషు నెలల ప్రకారం వస్తాయి. ఏ కొట్టువాడికైనా టెన్షన్ పుట్టేది ఈ రెండూ కలవని చోటే. నోటు పుస్తకంలో పేజీ మధ్యన గీత గీసి ఎడమ పక్క మాసాలూ, కుడి పక్క నెలలూ వేసుకుంటే ఎక్కడ డబ్బు ఆగుతుందో ముందే కనిపిస్తుంది. నేను మొన్న గీశాను. మే 17 నుంచి ఆగస్టు 13 దాకా దాదాపు మూడు నెలల్లో నాకు గట్టిగా దొరికేది నిజ జ్యేష్ఠం నెల రోజులే. మధ్యలో జూన్ 12న బడులు తెరుస్తారు, టిఫిన్ బాక్సులు, వాటర్ బాటిళ్లు కొంచెం ఆదుకుంటాయి. ఇది తెలిశాక చెన్నై ఆర్డరు సగానికి కోసేశాను.

ఇక అసలు లెక్క. మా తాతగారిది బియ్యం కొట్టు. కుంచంతో కొలిచేటప్పుడు ఆయన "ఒకటి" అనేవారు కాదు. "లాభం" అని మొదలుపెట్టి రెండు, మూడు అని పోయేవారు. కొలతకి అది శుభమే కానీ, ఏడాది లెక్కని అలా లాభంతో మొదలుపెట్టకూడదు. నేనిన్నాళ్లూ అలాగే చేశాను. పోయినసారి ఇంత మిగిలింది, ఈసారి ఇంకాస్త మిగలాలి అని మనసులో ఒక అంకె వేసుకునేవాణ్ణి. ఈసారి అడుగు నుంచి రాశాను. అద్దె 28 వేలు. ముగ్గురు పనివాళ్లకి 42 వేలు. కరెంటు 6. వడ్డీలు 21. ఆడిటరు, ఆటో, టీలు, చందాలు అన్నీ కలిపి 8. ఇంట్లోకి 45. ఇంటి ఖర్చు రాయడానికి చెయ్యి రాలేదు, ఎందుకంటే అది ఎప్పుడూ ఎక్కడా రాయలేదు. గల్లాపెట్టెలోంచి ఐదొందలు, వెయ్యి తీసుకెళ్లడమే. మా ఆవిడ పక్కన కూర్చుని పాల దగ్గర్నుంచి పిల్లాడి ఫీజు దాకా చెప్తే అప్పుడు తేలింది. అన్నీ కలిపి నెలకి లక్షన్నర, ఏడాదికి 18 లక్షలు. నా వ్యాపారంలో నూటికి 20 మిగులుతుంది. అంటే ఏడాదికి 90 లక్షలు అమ్మితే పైసా మిగలదు, పైసా పోదు. పోయిన ఏడాది నేను అమ్మింది 84 లక్షలు.

ఆరు లక్షల అమ్మకం తగ్గింది, అందులో మిగులు లక్షా 20 వేలు. మరి ఆ లక్షా 20 వేలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? కొట్టు మూతపడలేదు, జీతాలు ఆగలేదు. నేను ఆలోచిస్తూ కూర్చుంటే మా ఆవిడ ఏమీ అనకుండా చెయ్యి ముందుకి చాపింది. గాజులు లేవు. అక్టోబరులో బ్యాంకులో పెట్టినవి. వాటిని విడిపించాలని అనుకుంటున్నానే తప్ప, అవి వ్యాపారంలో పోయాయని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఇది అందరి ముందూ ఎందుకు చెప్తున్నానంటే, మన వీధిలో ఈ లెక్క రాసుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు అనుమానమే. వ్యాపారం బాగుందా అంటే "ఏదో నడుస్తోంది" అంటాం. ఎంత నడిస్తే నడిచినట్టో ఎవరం చెప్పలేం.

పన్నుల సంగతి ఎక్కువ రాయను, ఆడిటర్లున్నారు. రెండు ముక్కలు చెప్తాను. టర్నోవరు కోటిన్నర లోపుండి జీఎస్టీలో కాంపోజిషన్‌లోకి, అంటే అమ్మకం మొత్తం మీద ఒకే చిన్న శాతం కట్టే పద్ధతిలోకి, వెళ్లాలనుకునేవాళ్లు ఈ మార్చి 31 లోపే ఆప్షన్ ఇవ్వాలి, దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. నేను లెక్క వేసుకున్నాను. సామాన్ల మీద పన్ను 5 శాతానికి దిగాక, ఇన్‌పుట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్ను క్రెడిట్, వదులుకుని 1 శాతం కట్టినా, ఇప్పటిలాగే ఉన్నా నాకు దాదాపు ఒకటే. మారట్లేదు. మీ సరుకు వేరైతే మీ లెక్క వేరు. రెండోది, ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయ పన్ను చట్టం అమల్లోకి వస్తోంది. దాన్ని వివరించడానికి ఒక ఆడిటరు గారిని మార్చి సమావేశానికి పిలవండి. ముఖ్య అతిథి ఆయనే అయితే ఇంకా మంచిది, టైముకి వస్తారు.

మన సంఘంలో పెద్దాయన ఒకరు, నాకు బాబాయి వరస, ఇదంతా విని "ఒరేయ్, ప్లాన్లూ గీన్లూ మనకెందుకురా, రేపేమవుతుందో ఆ గోదారమ్మకే తెలియాలి" అన్నారు. బాబాయ్, నీ మాట కాదనను. పోయిన సెప్టెంబరు 3 రాత్రి స్టీలు, రాగి, అల్యూమినియం సామాన్ల మీద జీఎస్టీ 12 నుంచి 5కి తగ్గిస్తున్నామన్నారు. అమలు 22 నుంచి. ఆ పద్దెనిమిది రోజులూ మన కొట్లలో ఈగలు తోలుకున్నాం. వచ్చిన ప్రతివాళ్లూ గిన్నె చేత్తో పట్టుకుని చూసి "22 తర్వాత తగ్గుతుందటగా" అని పెట్టేసి వెళ్లిపోయారు. 12 శాతం కట్టి తెచ్చిన సరుకుని 5 శాతంతో అమ్మాం. కట్టిన పన్ను క్రెడిట్‌లో ఉంది, కొన్ని నెలలు చేతి నుంచి పన్ను కట్టే పని లేకపోయింది, సరే. ఆ క్రెడిట్ పెట్టి సరుకు కొనలేం కదా, జీతాలివ్వలేం కదా. ఇది ఏ ప్లానులోనూ ముందుగా రాసుకునేది కాదు. కానీ తన కొట్టు అమ్మకం లేకుండా ఎన్నాళ్లు నిలుస్తుందో తెలిసినవాడు ఆ పద్దెనిమిది రోజులు కంగారు పడలేదు. నువ్వే బాబాయ్ ఆ ఒక్కడివి. నీకు అప్పు లేదు, కొట్టు సొంతం, లెక్క మొత్తం బుర్రలోనే ఉంది. మాకు కాగితం కావాలి.

ఇక పుష్కరాలు. ఇది ఒక్కొక్కరం ఇంట్లో కూర్చుని రాసుకుంటే సరిపోయేది కాదు. 2015లో నా ప్లాను తప్పు కాదు, అందరం ఒకే ప్లాను వేశాం, అదీ తప్పు. కాబట్టి సంఘం చేయాల్సిన పనులున్నాయి. ఈ ఏప్రిల్లోనే కలెక్టరు గారికి, నగరపాలక సంస్థకి, పోలీసు శాఖకి సంఘం లెటర్‌హెడ్ మీద రాయండి. కోటగుమ్మం వైపు, దేవీచౌక్ వైపు ఏ రోడ్లు మూస్తారు, పుష్కర ఘాట్, కోటిలింగాల ఘాట్ దగ్గర తాత్కాలిక స్టాళ్లు ఇస్తారా, ఇస్తే స్థానిక వ్యాపారులకి వాటా ఉంటుందా అని అడగండి. వెంటనే జవాబు రాకపోవచ్చు. మళ్లీ రాయండి. మన కొట్లు దారిలో లేకపోతే సరుకునే దారిలోకి తీసుకెళ్లాలి, అది ముందు తెలియాలి.

చెంబుల సంగతి తేల్చుకుందాం. ఎవరు తెస్తారు, ఎన్ని తెస్తారు. నా ఆలోచన, పెరవలి దగ్గర అజ్జరంలో ఇత్తడి పనివాళ్లున్నారు, ఎక్కడో దూరం నుంచి లారీల్లో తెప్పించే బదులు అందరం కలిసి వాళ్లకి ఒకే ఆర్డరు ఇవ్వడం. విడతలవారీగా చేయించుకోవచ్చు, అమ్ముడైనదాన్ని బట్టి తర్వాతి విడత ఆపచ్చు, పెంచచ్చు. ఒక్క జాగ్రత్త. అరువు పెట్టి నెలల తరబడి తిప్పే మన పాత అలవాటు అక్కడ కుదరదు. ఉద్యం నమోదున్న (చిన్న పరిశ్రమలకి ప్రభుత్వమిచ్చే నమోదు) చిన్న తయారీదారుకి రాత ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలన్నది చట్టం. ఆలస్యం చేస్తే వడ్డీ పడుతుంది, పైగా ఆ కొనుగోలుని మన ఖర్చుగా చూపించుకోవడానికి డబ్బు కట్టేదాకా ఆగాలి. అయినా చట్టం దాకా ఎందుకు, కొలిమి దగ్గర కూర్చున్నవాడి డబ్బు మనం ఆపడం ఏం మర్యాద?

జూన్ చివరంటే వానలు. గొడుగులు, రెయిన్‌కోట్లు, తడి బట్టలు పెట్టుకునే సంచులు ఎవరి కొట్లకి నప్పుతాయో వాళ్లు ముందే చెప్పుకుంటే పది మందిమీ ఒకే సరుకు మీద పడం. ఇంకొకటి, పురోహితుల్ని ఇప్పుడే అడగాలి. గోదావరి పుష్కరాలొచ్చేది గురువు సింహరాశిలోకి వచ్చినప్పుడే కదా, ఆయన అక్కడ ఉండగా మన వైపు పెళ్లిళ్లు చేయచ్చా కూడదా అన్నదాని మీద వాళ్లలో వాళ్లకే వాదన ఉంది. మా ఇంటి పురోహితుడు గారు ఒకటి చెప్తే మా వియ్యంకుడి ఇంటాయన ఇంకోటి చెప్పారు. సారె సామాను అమ్మేవాళ్లకి ఆ జవాబు మీద లక్షలు ఆధారపడి ఉన్నాయి. మనూరి పురోహితుల్ని నలుగుర్ని కూర్చోబెట్టి అడిగేయండి. వాళ్లకి శాలువాలు కప్పండి, ఆ ఖర్చుకి నేను ముందుగా "ఆమోదం" అంటాను.

కార్యవర్గం తీర్మానం చేసి, నోటీసు పంపి, హాలు బుక్ చేసేసరికి మార్చి అయిపోతుందని నాకు తెలుసు. అందుకని ఈ ఒక్కసారికి మా కొట్టు మేడ మీదికి రండి. ఈ ఆదివారం, 29వ తేదీ, సాయంత్రం నాలుగింటికి. ప్లాస్టిక్ కుర్చీలు పన్నెండున్నాయి, ఎక్కువమంది వస్తే చాప వేస్తాను. గీతల నోటు పుస్తకం, పెన్ను, పోయిన ఏడాది కరెంటు బిల్లులు, అద్దె రసీదులు, వడ్డీ కాగితాలు తెచ్చుకోండి. అంకెలు ఒకరివి ఒకరు చూడక్కర్లేదు, ఎవరిది వాళ్లే రాసుకోండి. ఇంటి ఖర్చు తెలిసిన మనిషిని కూడా తీసుకురండి, లేకపోతే ఆ గడి దగ్గర అందరం ఆగిపోతాం. పంచాంగం నా దగ్గరుంది.

టీ, పునుగులు నావి. వెళ్లేటప్పుడు తలా ఒక రాగి చెంబు పట్టుకెళ్లండి. తోమించే పెట్టాను.

ఇట్లు,
మీ తోటి సభ్యుడు,
సామాన్ల కొట్టువాడు